గుట్ట కింద వదిలిన కుక్కలు

పశువైద్యంలోకి వస్తున్న పిల్లలు నన్ను మొట్టమొదట అడిగేది, "మేడమ్, మిమ్మల్ని ఎప్పుడైనా కుక్క కరిచిందా?" అని. కరిచింది, చాలాసార్లు. గేదెలు తన్నాయి. గీదంలో ఒక పంది నా చీర కుచ్చెళ్లు పట్టుకుని ఆసుపత్రి ఆవరణంతా పరిగెత్తించింది. అవన్నీ నవ్వుతూ చెప్పుకునే సంగతులు. నేనిక్కడ రాస్తున్నది నవ్వుతూ చెప్పుకోలేనిది. ఈ పనిలోకి దిగేవాళ్లకు దానివల్లే ఉపయోగం ఉంటుందని నా నమ్మకం.

మా నాన్న భద్రాచలం నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి ఇక్కడి ఇనుప గనిలో మెకానిక్ పనికి వచ్చాడు. నేను గని ఉన్న గుట్ట కింద టౌన్‌షిప్‌లో పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో అక్కడివాళ్ల హల్బీ భాష. చదువు పూర్తయ్యాక గీదంలో, జగదల్‌పూర్‌లో పనిచేసి, ఉద్యోగం చివరి ఏళ్లలో మళ్లీ ఆ టౌన్‌షిప్‌కే పశువుల డాక్టరుగా వచ్చాను. బదిలీల కథలు, పైఅధికారుల తనిఖీల కథలు వదిలేస్తున్నాను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే.

గీదంలో ఎద్దు

నా మొదటి పెద్దసారు మాటకారి కాదు. మెచ్చుకోవడం అసలే తెలియదు. ఒక సంతరోజు లారీ తగిలి ఒక ఎద్దు ముందుకాలు విరిగింది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను, చేతులు దురద పెడుతున్నాయి. మధ్యాహ్నమంతా కూర్చుని వెదురు బద్దలు పెట్టి పట్టీ వేశాను. సారు వచ్చి, వంగి చూసి, "కట్టు బాగుంది. ఇది ఇంటికి ఎలా పోతుంది?" అన్నాడు హిందీలో.

ఎద్దు యజమాని ఊరు అడవిలో చాలా దూరం, బండి పోయే దారి లేదు. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు. సారే ఎద్దును ఆసుపత్రి వెనక రేకుల కింద కట్టించి, ఎముక అతుక్కునేదాకా అక్కడే ఉంచాడు. యజమాని రోజూ రాలేడు కాబట్టి గడ్డి వేసే బాధ్యత నాది. ఆ ఎద్దుకు గడ్డి వేస్తూ నేర్చుకున్నంత పశువైద్యం ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. వైద్యం మన గేటు దగ్గర అయిపోదు. గేటు దాటిన తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే సగం పనే చేసినట్టు.

ఎర్ర కుక్కలు

టౌన్‌షిప్ చివర వాడకంలో లేని ఒక లారీ షెడ్డు ఉండేది. దాన్ని గని కంపెనీని అడిగి తీసుకుని, దెబ్బతిన్న కుక్కలకు, ఆవులకు ఆశ్రయంగా మార్చాం. పేరు ఏదో పెద్దదే పెట్టారు గాని, జనం నోట్లో అది 'కుత్తా షెడ్', అంటే కుక్కల షెడ్డు. ఖనిజం లారీలు పగలంతా తిరుగుతూనే ఉండేవి. వాటి కింద పడి కాళ్లు పోగొట్టుకున్నవి, కడుపులో ప్లాస్టిక్ సంచులు నిండినవి, గాయాల్లో పురుగులు పడినవి మా దగ్గరికి చేరేవి.

ఆ రోజుల్లోనే అక్కడి కాలేజీ వాళ్లు చదువులో భాగంగా సమాజసేవ తప్పనిసరి చేశారు. దివాన్ సార్ అనే లెక్చరర్ ప్రతి శనివారం విద్యార్థులను షెడ్డుకు తీసుకొచ్చేవాడు. మంచివాడు, కుక్కలంటే మాత్రం భయం. గేటు బయటే నిలబడి, "డాక్టర్ సాబ్, పిల్లలు మీ అధీనం" అనేవాడు.

మొదటి శనివారం నేను వాళ్లకు స్నానాల పని అప్పగించాను. మా ఊళ్లో కుక్కలన్నీ ఎర్రవే. ఖనిజపు దుమ్ము ఆకుల మీద, రేకుల మీద, ఆరేసిన బట్టల మీద పడినట్టే కుక్కల మీదా పడుతుంది. హర్షిత అనే అమ్మాయి ఒక ఆడకుక్కకు సబ్బు రాస్తుంటే ఎర్ర నీళ్లు కాలవ కట్టాయి. నీళ్లు పోసినకొద్దీ లోపల నుంచి తెల్లటి కుక్క బయటపడింది.

"మేడమ్! ఇది తెల్లది మేడమ్! పిండిలా ఉంది!" అని అరిచింది.

అందరూ చుట్టూ చేరి నవ్వారు. ఆ కుక్కకు పిండి అనే పేరు నిలిచిపోయింది. సాయంత్రానికి మళ్లీ ఎర్రబడిందనుకోండి.

ఇలాంటి సేవకు వచ్చే విద్యార్థుల గురించి నా అభిప్రాయం దాచుకోను. సగం మంది మార్కుల కోసం వస్తారు, అందులో తప్పేమీ లేదు. కుక్కపిల్లను ఎత్తుకుని ఫోటో దిగేవాళ్లనూ నేను తప్పుపట్టను. పెంట ఎత్తే పని వచ్చినప్పుడు ఎవరు మిగులుతారో అప్పుడు చూసుకుంటే సరిపోతుంది. హర్షిత వాళ్ల నాన్న క్రషర్ ప్లాంటులో ఉద్యోగి, కాకినాడ వైపు వాళ్లు. ప్రతిదానికీ ఏడ్చే పిల్ల అది. సూది చూస్తే ఏడుపు, పురుగులు చూస్తే ఏడుపు. ఏడుస్తూనే పట్టకారుతో పురుగులన్నీ తీసేది. నేను గట్టివాడనుకున్న ఒక అబ్బాయి రెండో వారం నుంచి కనబడలేదు.

సునీత

సునీతది తెలుగు సరిహద్దు దగ్గర భేజ్జి వైపు ఊరు. టౌన్‌షిప్ అవతల అడవి అంచున ఉన్న పల్లెలో పెద్దమ్మ ఇంట్లో ఉండి కాలేజీకి వచ్చేది. పెద్దమ్మకు మేకలున్నాయి. సునీత మాట్లాడితే మా నాన్నమ్మ మాట్లాడినట్టు ఉండేది నాకు. అదే యాస, మధ్యలో వాళ్ల దోర్లీ భాష మాటలు. క్లాసులో హిందీ తడబడుతుందని మిగతా పిల్లలతో తక్కువ మాట్లాడేది.

షెడ్డులో మాత్రం ఆ పిల్ల చేతుల్లో ఏదో ఉండేది. భయంతో పళ్లు చూపించే కుక్క దగ్గర పక్కగా కూర్చునేది, దాని వైపు చూడకుండా. కాసేపటికి అదే వచ్చి ఆనుకునేది. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చేటప్పుడు ఆమె పట్టుకుంటే కుక్క గింజుకునేది కాదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావే?" అని అడిగాను.

"నేర్సుకునేదేముంది మేడమ్. మేకకు సుత నేను భయపడుతున్న అని తెలిస్తే అది భయపడ్తది."

పశువైద్యం డిప్లొమాలో చేరమని ఆమెకు చెప్పాను. నేనే తీసుకెళ్లి చేర్పిస్తానన్నాను. మొహం వెలిగిపోయింది. "పెద్దమ్మను అడిగి చెప్త" అంది. పెద్దమ్మ ఒప్పుకుందని మరుసటి శనివారమే వచ్చి చెప్పింది.

మీటింగ్

ఆ వేసవిలో టౌన్‌షిప్‌లో ఒక చిన్నబ్బాయిని కుక్క కరిచింది. పిచ్చికుక్క కాదు. పిల్లల తల్లి కుక్క, దాని పిల్లల దగ్గరికి వెళ్లాడు బాబు. సూదులు వేయించారు, బాబు బాగానే ఉన్నాడు. కానీ టౌన్‌షిప్ ఆఫీసులో పెద్ద మీటింగ్ పెట్టారు. కుక్కలు ఉండకూడదు, అంతే. అందరిదీ ఒకే మాట.

నేను లేచి చెప్పాను. కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేద్దాం, రేబీస్ టీకా వేద్దాం, పట్టుకున్న వీధిలోనే వదిలేద్దాం. వాటిని తీసేస్తే టీకాలు లేని కొత్త కుక్కలు ఆ చోట్లకు వస్తాయి. నియమం కూడా అదే. టౌన్‌షిప్ అధికారి తల ఊపాడు. ఆపరేషన్లు మేం చేస్తాం, బండి, డ్రైవరు వాళ్లు ఇస్తారు. అలా ఒప్పందమైంది.

వేసవి సెలవుల్లో కూడా పిల్లలు వచ్చారు. మార్కులు ఎప్పుడో వేసేశారు, అయినా వచ్చారు. అంత మంచి పని నేను నా ఉద్యోగంలో మళ్లీ చేయలేదు. సునీత పట్టుకునేది, నేను కోసి కుట్టేదాన్ని, హర్షిత మత్తు దిగేదాకా పక్కన కూర్చుని అట్టతో విసిరేది. టీకా, ఆపరేషన్ అయినవాటికి గుర్తుగా ఎడమ చెవి కొస కత్తిరిస్తాం. కోలుకున్నాక బండి వచ్చి తీసుకెళ్లేది, పిండినీ అలాగే పంపాం. "వదిలేశారా?" అని డ్రైవరును అడిగితే, "ఛోడ్ దియా, మేడమ్" అనేవాడు. అబద్ధం చెప్పలేదు. ఎక్కడ అని నేనడగలేదు, అతను చెప్పలేదు.

వానలు మొదలయ్యాయి. వీధుల్లో కుక్కలు తగ్గాయని నాకూ అనిపించింది. వానకు ఎక్కడో మూలల్లో పడుకుని ఉంటాయనుకున్నాను. ఒక శనివారం సునీత ఆలస్యంగా వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"మేడమ్, మనం ఇడిసిన కుక్కలు యాడున్నయో మీకు ఎరికేనా?"

"ఏ వీధివి ఆ వీధిలో ఉంటాయి. ఏంది సునీతా?"

"వాన పడంగనే అడవిలకెల్లి మా పెద్దమ్మోళ్ల ఊర్లకు వచ్చినయి. చెవులు కోసినవి. నేను పట్టుకున్నవే అన్ని." తన చెవి కొస పట్టుకుని చూపించింది. "మేకల్ని తింటున్నయి."

పెద్దమ్మ దొడ్డి

అప్పుడే బయలుదేరాం. నేను, సునీత, హర్షిత. దివాన్ సార్ కూడా జీపెక్కాడు, అది మాత్రం నేను అనుకోలేదు.

ఆ ఊరు గుట్ట దుమ్ము చేరనంత దూరంలో ఉంది. పొలాల గట్ల మీద తిరుగుతున్న కుక్కలను చూసి హర్షిత, "ఇవి మనవి కాదు మేడమ్, మనవన్నీ ఎర్రవి కదా" అంది. వానకు కడుక్కుపోయి నల్లవి నల్లగా, మచ్చలవి మచ్చలుగా కనబడుతున్నాయి. డొక్కలు లోపలికి పోయాయి. అప్పుడు వాటి ఎడమ చెవులు చూశాం.

వాటికి మేం గుర్తున్నాం. తోకలు ఊపుకుంటూ జీపు చుట్టూ మూగాయి. హర్షిత దిగి ఒక్కోదాని చెవి తడిమి చూసింది.

పెద్దమ్మ పేరు ముత్తమ్మ. సన్నగా, పొడవుగా ఉంటుంది. ఏడవడంగాని తిట్టడంగాని చేయలేదు. దొడ్డి చూపించింది. వెదురు తడిక కింద మట్టి తవ్వి లోపలికి దూరాయి. ఒక మేక పిల్ల మిగిలింది, మెడ మీద పంటి గాట్లతో. పక్కిళ్లలోనూ అంతే. ఊళ్లోవాళ్లు కర్రలతో, బాణాలతో కొన్నింటిని చంపారు. కొత్తవి వస్తూనే ఉన్నాయి. కంపెనీ రంగున్న బండి ఒకటి సాయంత్రం పూట వచ్చి వాగు దగ్గర తలుపు తీసి వెళ్లిపోతుందని చెప్పారు.

నేను నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాను. మాకు తెలియదని, తెలిస్తే ఒప్పుకునేవాళ్లం కాదని. ముత్తమ్మ ఓపికగా విని అంది:

"మీ కాడ ఒక పిల్లగాన్ని కుక్క కరిస్తే అందరు కూసొని మీటింగు పెట్టుకున్నరంట గదా. మా మేకల్ని పీక్కతింటే మేము ఎవరితోని పెట్టుకోవాలె మీటింగు?"

దివాన్ సార్‌కు తెలుగు రాదు. ఏమందని నన్నడిగాడు. హిందీలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. సునీతే చెప్పింది.

ఊరిపెద్ద వచ్చాడు. అందరితో మాట్లాడి ఒక నిర్ణయం చెప్పాడు. వచ్చే వారపు అంగడి దాకా ఆగుతారు. ఈలోగా మా కుక్కలను మేం పట్టుకుపోవాలి. తర్వాత మిగిలినవాటికి విషం పెడతారు. "ఒక్కటి తప్ప. ఆ తెల్లదాన్ని మాత్రం ఇయ్యం. అదే ముందుంటది. అది నేర్పుతాంది మిగతావాటికి. దాన్ని ఈడనే, మా ముందల్నే చంపాలె."

తెల్లది అంటే పిండి.

"మనం దాన్ని షెడ్డులో గొలుసేసి ఉంచుదాం మేడమ్, ఇంక బయటికి వదలొద్దు," అని హర్షిత నా చెయ్యి పట్టుకుంది. "దానికి వేటాడ్డం ఏం తెలుసు? బిస్కెట్లు తినే కుక్క అది!"

"ఆకలికి తెలిసిపోతుందమ్మా," అన్నాను.

ఊరిపెద్దను బతిమాలాను. షెడ్డు గోడలు ఎత్తు, మళ్లీ రాదు అన్నాను. ఆయన కోపపడలేదు. "ఇడిసిపెట్టము అని గిట్లనే అన్నరు గదా మీరు మొదాల," అన్నాడు. మేం ఆయనకు ఏ మాటా ఇవ్వలేదు. ఆయన్ను మేం అంతకుముందు చూడనే లేదు. ఆయన లెక్కలో మేమూ కంపెనీ ఒకటే.

ఒక్కదాన్ని ఇవ్వనంటే మిగతావి కూడా పోతాయి. బాణం దెబ్బ తిని రోజులతరబడి ఈడుస్తూ చావడం కంటే నా సూది మంచిది. ఈ రెండు మాటలూ నాకు నేను చెప్పుకున్నాను. రెండూ నిజమే. బ్యాగు తెరిచాను.

పిండి నా దగ్గరికి రాలేదు. బ్యాగు వాసన దానికి తెలుసు. ఊరివాళ్లు చుట్టూ నిలబడ్డారు. అది పళ్లు చూపిస్తోంది. సునీత చెప్పులు విప్పి, దాని పక్కగా వెళ్లి, ఎటో చూస్తూ కూర్చుంది. కాసేపటికి అది వచ్చి ఆమె తొడ మీద తల పెట్టింది.

"నేను పట్టుకుంట మేడమ్. మీరు కానియ్యండి."

ఆ పిల్లను పక్కకు పంపి ఇంకెవరినైనా పట్టుకోమనాల్సింది. దివాన్ సార్‌తో పట్టించాల్సింది, కరిచినా సరే. అప్పుడు నాకు పని సాఫీగా అయిపోతే చాలనిపించింది. పశువు బాధపడకుండా పోవడం గురించే ఆలోచించాను. ఈ వృత్తి మనకు నేర్పేది అదే, మన కళ్లకు గంతలు కట్టేదీ అదే. పట్టుకున్న మనిషి వైపు చూడం.

సూది పడ్డాక కూడా సునీత చాలాసేపు లేవలేదు.

వెనక్కి

అంగడి రోజు వరకూ మిగతా పిల్లలంతా వచ్చి కుక్కలను పట్టారు. పట్టడం కష్టం కాలేదు. పేరు పెట్టి పిలిస్తే వచ్చాయి. కొన్ని దొరకలేదు. దొరికినవాటిని షెడ్డులో పెట్టాం. మళ్లీ ఏ వీధీ వాటిని తీసుకోలేదు. షెడ్డు కిక్కిరిసి, తేమకు జబ్బులొచ్చి, ఆ చలికాలంలో వాటిలో చాలావాటిని పూడ్చిపెట్టాం.

టౌన్‌షిప్ ఆఫీసుకు వెళ్లి అడిగాను. డ్రైవరు సొంతంగా చేశాడన్నారు. డ్రైవరు పై నుంచి చెప్పారన్నాడు. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. బండి రావడం మాత్రం ఆగింది.

కాలేజీ వార్షికోత్సవంలో ఆ అధికారే ముఖ్య అతిథి. మన విద్యార్థుల సేవ వల్ల టౌన్‌షిప్ వీధులు పిల్లలకు క్షేమంగా మారాయని మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగుతుండగా హర్షిత లేచింది. ప్రతిదానికీ ఏడ్చే పిల్ల, ఆరోజు కంట తడి లేదు.

"సార్, ఆ కుక్కలు ఎక్కడికి పోయాయో చెప్పమంటారా?"

దివాన్ సార్ కూర్చోమని సైగ చేస్తాడనుకున్నాను. చేయలేదు. ఆమె అంతా చెప్పింది, మేకల సంగతి, పిండి సంగతి. అధికారి గడియారం చూసుకుని మర్యాదగా వెళ్లిపోయాడు. మరుసటి ఏడు సమాజసేవ కింద మొక్కలు నాటించారు. షెడ్డును ఖనిజం నమూనాలు దాచుకోవడానికి వెనక్కి తీసుకున్నారు.

విద్యార్థులను ఇలాంటి చోట్లకు తెచ్చే లెక్చరర్లకు ఒక మాట. సేవ చేస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారో మీరు అడుగుతారు, మంచిదే. ఆ సేవ బరువు ఎవరి మీద పడుతుందో కూడా వాళ్లతో కలిసి వెళ్లి చూడండి. ఒక వాడ బాగుపడిందంటే దాని చెత్త ఎటు కొట్టుకుపోయిందో కనుక్కోండి. టౌన్‌షిప్‌కు నీళ్లు తెచ్చినప్పుడూ, దుమ్ము తగ్గించినప్పుడూ, కుక్కలను తీసేసినప్పుడూ కాలవ పల్లం వైపే పారింది. నేను గనుల నీడలోనే పెరిగినదాన్ని. నాకది తెలియాల్సింది.

హర్షిత పశువైద్యురాలైంది. కాకినాడ దగ్గర పనిచేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి మందుల గురించి వాదిస్తుంది.

సునీత పిండి చనిపోయిన రోజు తర్వాత షెడ్డుకు రాలేదు. నేను రెండుసార్లు హాస్టల్‌కు వెళ్లాను. అప్పటికి పెద్దమ్మ ఇల్లు వదిలి హాస్టల్లో ఉంటోంది. కుక్కలోళ్ల పిల్ల అని ఊళ్లో అంటున్నారట. డిప్లొమా మాట ఎత్తితే, "వద్దు మేడమ్" అంది. తర్వాత నర్సింగ్ చదివింది. జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఒకసారి కనబడింది. టీ తాగించింది, నా మోకాళ్ల గురించి అడిగింది, ఆటో ఎక్కించింది. కుక్కల ఊసు ఇద్దరం ఎత్తలేదు.

రిటైరయ్యాక ఏటా వానలకు ముందు ముత్తమ్మ ఊరికి వెళ్తున్నాను. మేకలకు పారుడు రోగం టీకాలు వేస్తాను. మొదటి ఏడు ఎవరూ మేకలను తేలేదు. తర్వాత ఒకరిద్దరు. ఇప్పుడు ఊరంతా తెస్తారు. ముత్తమ్మ కూడా మళ్లీ మంద పెంచింది. ఒక్కో మేకను దొడ్డి తడిక దగ్గరికి తెచ్చి తనే పట్టుకుంటుంది. నేను బయట నిలబడి సూది వేస్తాను.

మొన్నటిసారి లోపల ఒక మేక పిల్ల కుంటడం చూసి, "కాలు చూస్తాను, లోపలికి రానా?" అన్నాను.

"నేనే బయటికి తెస్త. నువ్వు రాకు డాక్టరమ్మ." మేక పిల్లను చంకనెత్తుకుంటూ మెల్లగా అంది. "నువ్వు మంచిదానివే. నీ ఎనక ఏం వస్తదో నీకే తెల్వదు."

కాలులో ముల్లు ఉంది. తీసి, మందు రాసి, తడిక మీదుగా ఆమెకు అందించాను.